ఒరిగిన కంచె రాటలు - ఇంటివద్దనే మరమ్మతు



ఈ వేళ నేను మాట్లాడబోయేది కొత్త విత్తనం గురించి కాదు, ఎరువు గురించీ కాదు. మీ చేని చుట్టూ నిలబడి, మీరు ఇంటికి పోయిన తరువాత కూడా కాపలా కాసే కంచె రాటల గురించి. రాట అనండి, గుంజ అనండి, స్తంభం అనండి. రాతివాటిని తెలంగాణాలో కడీలంటారు, రాయలసీమలో కొన్ని చోట్ల కూసాలంటారు. పేరు ఏదయినా పని ఒకటే. అది నిటారుగా ఉన్నంతవరకు మనకు దాని ఉనికే గుర్తుండదు. ఒరిగిన తరువాత కూడా చాలామందిమి దానిని పట్టించుకోము. "ఇంకా పడలేదు గదా" అంటాము.

మా ఇంటి సంగతే చెబుతాను. నా చిన్నతనంలో మాకు వాగు ఒడ్డున రెండెకరాల చేను ఉండేది. ఒక ఏడు జొన్న వేశాము. దారివైపు మూలరాట వానలప్పుడే కొంచెం ఒరిగింది. మా నాన్నగారు రోజూ చూచేవారు. "ఈ కలుపు కానీ, చూద్దాం" అనేవారు. జానెడు ఒరిగిన రాట మూరెడు ఒరిగింది. తీగ సడలింది. కంకి పాలు పోసుకునే రోజుల్లో ఒక రాత్రి అయిదారు గేదెలు ఆ సందున జొరబడ్డాయి. తెల్లవారేసరికి అరెకరం మేశాయి. మేసినదానికి రెట్టింపు తొక్కాయి. పంట పోవడం ఒక ఎత్తు. ఆ గేదెలు పక్కచేనివారివి. "మీ గేదెలు" అని మేము, "మీ కంచె" అని వారు. అప్పటిదాకా పెళ్లికీ పేరంటానికీ కలిసి తిరిగిన రెండిళ్ల మధ్య మూడేళ్లు పలకరింపు లేదు. ఆ రాటను నిలబెట్టడానికి ఇద్దరు మనుషులకు ఒక పూట చాలును. ఒక పూట పనికి బద్ధకించి మూడేళ్ల స్నేహం పోగొట్టుకున్నాము. అందుకే ఈ విషయం చిన్నదని నేను అనుకోను.

ముందుగా, రాట ఎందుకు ఒరుగుతుంది, ఎందుకు విరుగుతుంది అన్నది తెలుసుకోవాలి. కారణం తెలియకుండా నిలబెట్టిన రాట మళ్లీ ఏడాది తిరక్కుండానే ఒరుగుతుంది.

కర్ర రాట ఎక్కడ పుచ్చుతుందో ఎప్పుడైనా గమనించారా? పైన పుచ్చదు. మరీ లోతున కూడా అంతగా పుచ్చదు. సరిగా నేలమట్టం దగ్గర, పైకి నాలుగు వేళ్లు, కిందికి జానెడు, ఆ మధ్యనే పుచ్చుతుంది. కర్రను కుళ్లబెట్టేది ఒక జాతి బూజు. దానికి తడీ కావాలి, గాలీ కావాలి. పైభాగంలో గాలి ఉంటుంది గాని తడి నిలవదు. లోతున తడి ఉంటుంది గాని గాలి తక్కువ. రెండూ కలిసేది నేలమట్టం వద్దనే. చెదలు ఎక్కేదీ అక్కడి నుంచే. పశువు రాటకు ఒళ్లు రాచుకున్నప్పుడు బలమంతా పడేది కూడా సరిగ్గా అక్కడనే. కాబట్టి పైకి గట్టిగా కనబడే రాట ఒకనాడు పుటుక్కున విరిగిందంటే ఆశ్చర్యపోనక్కరలేదు.

ఇక ఒరగడానికి కారణాలు వేరు. మొదటిది లోతు చాలకపోవడం. ఏడడుగుల రాటను అడుగున్నర పాతితే అది నిలవదు. మామూలు రాటకు రెండడుగులకు తక్కువ లోతు ఉండరాదు. మూలరాటకూ, తలుపు రాటకూ రెండున్నర నుంచి మూడడుగులు కావాలి. రెండవది నేల. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు చిట్లి బీటలు తీస్తుంది. ఏటా ఈ ఊపిరి తీసినట్లు జరిగే కదలికలో రాట వదులవుతుంది. ఇసుక నేలలో గుంత పూడ్చిన మట్టికి పట్టే ఉండదు. మూడవది తీగ లాగుడు. వరసలో మధ్యనున్న రాటను తీగ రెండువైపులా సమంగా లాగుతుంది గనుక దానికి ప్రమాదం తక్కువ. మూలరాటను మాత్రం తీగలన్నీ చేని లోపలివైపుకే లాగుతాయి. దానికి ఊతం లేకపోతే ఎంత లోతు పాతినా ఒరగవలసిందే.

ఇప్పుడు పరీక్ష సంగతి. రబీ పంట ఇల్లు చేరిన తరువాత, రోహిణి కార్తె వెళ్లేలోపల, ఒక ఉదయం కంచె చుట్టూ ఒకసారి తిరగండి. చేతిలో చిన్న గునపం, ఒక సుత్తి, కొంచెం సున్నం ఉంచుకోండి. ఒక్కొక్క రాటను భుజంతో నెట్టి చూడండి. కదిలితే సున్నంతో ఒక గీత పెట్టండి. కర్ర రాట అయితే మొదట్లో మట్టి జానెడు లోతున తవ్వి, గునపం మొనతోనో, పాత కత్తితోనో పొడిచి చూడండి. గట్టి కర్రలో మొన దిగదు. అంగుళం దాకా మెత్తగా దిగితే అది పుచ్చినట్లే. సుత్తితో కొట్టి వింటే కూడా తెలుస్తుంది. మంచి కర్ర ఖంగుమంటుంది, లోపల గుల్లబారినది బొద్దుగా పలుకుతుంది. పుచ్చిన రాటకు రెండు గీతలు పెట్టండి. ఇక మీకు లెక్క తేలిపోతుంది. ఒక గీత రాటలను నిలబెడితే చాలు. రెండు గీతల రాటలకు వైద్యం వేరు.

ముందు ఒక గీత రాటల సంగతి చూద్దాము. రాట గట్టిగానే ఉంది, ఒరిగింది. దానిని తాడు వేసి లాగి, చుట్టూ నాలుగు రాళ్లు తొక్కి పోయేవారే ఎక్కువ. అది మరమ్మతు కాదు, వాయిదా వేయడం. సరయిన పద్ధతి ఇది.

పని మొదలుపెట్టే ముందటి రోజు సాయంత్రం రాట మొదట్లో రెండు మూడు కడవల నీళ్లు పోయండి. వేసవిలో నేల రాయిలా ఉంటుంది. నీళ్లు పడితే తెల్లవారేసరికి గునపం దిగుతుంది. అయితే బురద కానివ్వకండి. మట్టి పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, చేతికి అంటుకోకూడదు. అదే మట్టి గట్టిపడడానికి తగిన పదును.

ముందు ఆ రాటకున్న తీగలు విప్పండి. తీగ బిగువుగా ఉండగా రాటను కదిలించరాదు. అది ఎగిరి ముఖానికి కొడుతుంది. ముళ్లతీగ పట్టేటప్పుడు చేతులకు తోలు తొడుగులో, కనీసం దళసరి గోనెగుడ్డో ఉండవలె. తుప్పు తీగ గీసుకుంటే చిన్న గాయమే గదా అని మట్టి రాసి వదలకండి. కడిగి, ధనుర్వాతం రాకుండా ఆసుపత్రిలో సూది మందు వేయించుకోండి.

రాట తూర్పుకు ఒరిగిందనుకోండి. అప్పుడు తవ్వవలసింది పడమటి వైపు. చాలామంది ఒరిగిన వైపే తవ్వుతారు. అది పొరపాటు. ఒరిగిన వైపు అడుగున ఉన్న కదలని మట్టి మనకు ఆసరా, దానిని చెడగొట్టకూడదు. పడమటి వైపు అడుగు వెడల్పున, రాట అడుగు దాదాపు కనబడేదాకా తవ్వండి. రాట తలకు తాడు కట్టి ఒకరు పడమటికి లాగుతూ ఉంటే, రెండవవారు తూర్పు నుంచి నెట్టండి. నెమ్మదిగా నిటారుకు వస్తుంది. వచ్చిన తరువాత రెండు కర్రలు ఏటవాలుగా దన్ను పెట్టి నిలపండి.

నిటారుగా ఉన్నదీ లేనిదీ కంటితో తేల్చవద్దు. తాపీమేస్త్రీ దగ్గర తూకపు గుండు ఉంటే సరే. లేకపోతే దారానికి ఒక రాయి కట్టి వేలాడదీయండి. రాటకు రెండు ముఖాలలో చూడాలి, ఒక ముఖం చూచి సరిపెట్టరాదు. అటూ ఇటూ ఉన్న మంచి రాటలకు పురికొస లాగి కట్టితే వరసలో ఉన్నదీ లేనిదీ కూడా తెలుస్తుంది.

ఇక పూడ్చడం. ఇందులోనే అసలు కిటుకు ఉంది. రాటకు రెండు రాళ్లు కావాలి. ఒకటి అడుగున పడమటి వైపు, అంటే ఒరిగిన దిక్కుకు ఎదురుగా. రెండవది పైన, నేలమట్టానికి కాస్త దిగువగా, తూర్పు వైపు, అంటే ఒరిగిన దిక్కున. ఎందుకంటారా? తూర్పుకు బలం పడ్డప్పుడు రాట పైభాగం తూర్పు మట్టిని నొక్కుతుంది. అడుగుభాగం మాత్రం పడమటికి తన్నుకుంటుంది. ఆ రెండు చోట్లా రాయి అడ్డుపడితే రాట ఇక కదలడానికి తావుండదు. అరచేయంత వెడల్పు బల్లపరుపు రాళ్లు అయితే మంచిది. రాటకూ గట్టి మట్టికీ మధ్య సుత్తితో బిగించి కొట్టండి.

తరువాత మట్టి. తవ్విన మట్టి అంతా ఒకేసారి పార్లతో తోసి, పైన కాలితో తొక్కితే పైన గట్టిగా, కింద గుల్లగా ఉంటుంది. నాలుగు వేళ్ల మందం మట్టి వేయండి, దిమ్మిసతో గట్టిగా కొట్టండి. మళ్లీ నాలుగు వేళ్లు, మళ్లీ దిమ్మిస. దిమ్మిస లేకపోతే గునపం మొండి వైపు తిప్పి కుమ్మినా చాలు. తూర్పున, రాట పైకి లేచినప్పుడు ఏర్పడ్డ సందును కూడా ఇట్లాగే కుమ్మి నింపండి. సరిగా కుమ్మితే తవ్విన మట్టి అంతా ఆ గుంతలోనే పట్టాలి. ఇంకా కొంచెం తక్కువ పడినా పడుతుంది. మట్టి మిగిలిపోయిందంటే మీరు గట్టిగా కుమ్మలేదని అర్థం. చివరకు రాట చుట్టూ ఒక తట్టెడు మట్టి పోసి, గుమ్మడికాయ వీపులా వాలుగా చేయండి. వాన నీరు రాట మొదట్లో నిలవకుండా బయటికి పోవాలి.

నల్లరేగడి నేలలో మాత్రం తవ్విన రేగడిని తిరిగి గుంతలో వేయకండి. అది మళ్లీ ఉబ్బుతుంది, మళ్లీ చిట్లుతుంది. గరుసు మట్టి, అంటే మొరం, ఒక బండెడు తెచ్చుకొని దానితోనే పూడ్చి కుమ్మండి. ఇసుక నేలలో అయితే గుంతలో పిడికెడంత రాళ్లు వేసి, వాటి సందుల్లో బంకమట్టి కుమ్మండి.

ఇక రెండు గీతల రాటలు. అంటే మొదలు పుచ్చినవి. వీటిని పీకి పారవేసి కొత్తవి తేనక్కరలేదు. పై అయిదడుగులు ఇంకా చేవగానే ఉంటుంది. పుచ్చింది జానెడు ముక్క మాత్రమే. దానికి పొట్టి రాట జోడించే పద్ధతి ఉంది. నాలుగడుగుల పొడవు రాతిముక్క గాని, విరిగిన సిమెంటు స్తంభం ముక్క గాని తీసుకోండి. పాత రాటకు ఆనుకొని, చేని లోపలివైపు రెండడుగుల లోతున దానిని పాతండి. రెండడుగులు పైకి ఉంటుంది. పాత రాటలో పుచ్చిన భాగాన్ని రంపంతో కోసివేయండి. కోసిన మొదలు నేలకు రెండు వేళ్ల ఎత్తున వేలాడుతూ ఉండాలి, నేలకు తగలకూడదు. తగిలితే మళ్లీ తడి ఎక్కుతుంది. రెండింటినీ కలిపి రెండు చోట్ల, ఒకటి నేలకు జానెడు ఎత్తున, ఒకటి పొట్టి రాట తలకు నాలుగు వేళ్లు దిగువగా, గాల్వనైజు తీగతో నాలుగైదు చుట్లు చుట్టి, మేకు దూర్చి మెలితిప్పి బిగించండి. ఒక్క చోటే కడితే రాట ఆ కట్టు మీద తిరుగుతుంది. రెండు చోట్ల కట్టాలి. పలుగుపోటు లేని ఇంటి ఆడవారు కూడా ఈ కట్టు కట్టగలరు.

పాత మొదలు భూమిలో విరిగి ఉండిపోతే పీకడం కష్టమనుకుంటారు. చుట్టూ జానెడు తవ్వి, నీళ్లు పోసి, ఒక రాత్రి ఉంచండి. మొద్దుకు గొలుసు గాని మోకు గాని బిగించి, పక్కన ఒక రాయి ఆధారంగా పొడుగుపాటి దూలంతో మీటండి. నడుముతో లాగవద్దు. అక్కరలేని చోట దానిని పీకనే పీకకండి, పక్కన కొత్త గుంత తీయండి.

కొత్త కర్ర రాట తప్పదనుకున్నప్పుడు చేవ చూచి తీసుకోండి. నల్లతుమ్మ, సండ్ర, టేకు వంటి వాటిలో లోపలి ముదురు రంగు చేవ మన్నుతుంది. పైనున్న తెల్లకర్ర ఏ చెట్టుదైనా నేలలో నిలవదు. సరుగుడు, జామాయిలు లేత కర్రలు చవకగా దొరుకుతాయి గాని మందు పట్టించకుండా పాతితే త్వరలోనే చెదలకు పోతాయి. తాటి మొద్దులో బయటి చేవ గట్టిది, లోపలి భాగం మెత్తన. చీల్చి లోపలిది చెక్కివేసి వాడాలి.

మొదలు నిప్పుల మీద కాల్చి పాతడం మన పెద్దల అలవాటు. అది కొంత మేలే గాని, దానినే నమ్ముకోరాదు. కాలిన పొర పలుచన, దానికి బీటలు ఉంటాయి, ఆ బీటల్లో తడి దూరుతుంది. తారు పూయడం మేలు. అయితే కర్ర బాగా ఎండి ఉండాలి. బెరడు తీసి, రెండు మూడు నెలలు నీడలో ఎత్తున పేర్చి ఆరబెట్టండి. పచ్చికర్రకు తారు పూస్తే లోపలి తడి బయటకు పోక, లోపలి నుంచే కుళ్లుతుంది. అడుగు ముఖానికీ, పాతే భాగానికంతకూ, నేలమట్టం పైన మరొక అడుగుకూ వేడి తారు రెండు పూతలు పూయండి. తారు కాచేటప్పుడు పిల్లలను దగ్గరకు రానీయకండి.

కర్రకు మందు పట్టించే విద్యలో మనవారి పేరు ఒకటి ప్రపంచమంతటా నిలిచింది. డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో పనిచేసిన సొంటి కామేశం గారు 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలు కలిపిన మందును కనుగొన్నారు. ఆస్కూ అనే పేరుతో అది ప్రసిద్ధికెక్కింది. రైలు పట్టాల కింది దిమ్మెలకూ, తంతి స్తంభాలకూ, కంచె రాటలకూ ఎన్నో దేశాలలో దానిని వాడారు. అయితే అందులోని ఆర్సెనిక్ అంటే పాషాణం. అందుచేత ఇళ్ల వద్ద వాడే కలపకు ఆ మందు పట్టించడం అమెరికాలో 2003 ఆఖరుతో మానివేశారు. ఈ మందును యంత్రాలున్న చోట ఒత్తిడితో పట్టించాలి. మీరు ఇంట్లో కలపవలసినది కాదు. ఇంకొక మాట. ఆకుపచ్చ రంగు తేలిన అటువంటి పాత రాట మీకు దొరికితే, విరిగిన తరువాత దానిని పొయ్యిలో పెట్టవద్దు. ఆ పొగా విషమే, ఆ బూడిదా విషమే. పశువుల తొట్లకు కూడా ఆ కర్ర వాడకండి.

రాతి స్తంభాలకు చెదల బాధ లేదు. కాని రాయికి వంగే గుణం లేదు. వంచితే విరుగుతుంది. ఒరిగిన రాతి స్తంభాన్ని ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగినవారు చాలామంది రెండు ముక్కలు చేసుకున్నారు. ఇందాక చెప్పినట్లు ఎదురువైపు పూర్తిగా తవ్వి, మనుషులే నెమ్మదిగా లేపాలి. ఆరడుగుల పొడవు, అయిదంగుళాల చదరం ఉన్న నల్లరాతి స్తంభం దాదాపు 80 కిలోలు తూగుతుంది. అది పడే వైపు ఎవరూ నిలబడకూడదు. కనీసం ముగ్గురు ఉండనిదే పని మొదలుపెట్టకండి. విరిగిన ముక్కలను పారవేయకండి. కర్ర రాటలకు దన్నుగా పాతడానికి ఇందాక చెప్పిన పొట్టి రాట ఇదే.

సిమెంటు స్తంభం పగుళ్లు ఇచ్చి లోపలి ఇనుప చువ్వ కనబడుతూ ఉంటుంది. ఇనుము తుప్పు పడితే లావవుతుంది, లావై సిమెంటును బద్దలు చేస్తుంది. వదులుగా ఉన్న పెచ్చులు రాలగొట్టి, చువ్వను తీగబ్రష్షుతో తుప్పు పోయేదాకా తోమండి. సిమెంటు పాలు పూసి, అది ఆరకముందే ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు జల్లించిన ఇసుక కలిపిన గచ్చు ఒత్తి పట్టించండి. తడి గోనె చుట్టి ఏడు రోజులు తడపాలి. చువ్వ తుప్పు తిని సగమైతే ఆ స్తంభానికి ఆశ వదులుకొని పక్కన దన్ను పాతండి. ఇనుప యాంగిల్ రాటలకు కూడా నేలమట్టం దగ్గరే తుప్పు. గీకి, రెడాక్సైడు రెండు పూతలు వేయండి.

ఇక మూలరాట. కంచెకంతకూ ప్రాణం అక్కడనే ఉంది. మూలరాట నిలిస్తే కంచె నిలుస్తుంది. దానికి తీగ వరుస ఒక్కొక్కదానికి ఒక ఊతకర్ర కావాలి. మూలకు రెండు వరుసలు కలుస్తాయి గనుక రెండు ఊతాలు. ఊతం మూలరాట ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర ఆని, తీగ పోయే వరుసలోనే ఏటవాలుగా నేలకు దిగాలి. తీగ రాటను ఏ వైపుకు లాగుతుందో, ఊతం కాలు ఆ వైపునే ఉండాలి. కాలి కింద ఒక బండరాయి పాతండి, లేకపోతే అది మట్టిలోకి దిగిపోతుంది. ఊతకర్ర పెట్టే చోటు లేనప్పుడు, ఎదురువైపు నాలుగడుగుల దూరాన రెండడుగుల లోతులో ఒక బండకు తీగ చుట్టి పాతి, ఆ తీగను రాట తలకు బిగించి కట్టవచ్చు. దారి పక్క అయితే ఆ తీగకు తెల్లగుడ్డ కట్టండి, చీకట్లో ఎవరయినా తట్టుకుంటారు.

మూలరాటకూ తలుపు రాటకూ కాంక్రీటు పోయదలచుకుంటే ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు కంకర. అడుగు చదరం, రెండున్నర అడుగుల లోతు గుంతలకు 50 కిలోల బస్తా ఒకటి రెండింటికి ధారాళంగా సరిపోతుంది. నీళ్లు ఎక్కువ పోసి పలుచన చేయకండి, బలం పోతుంది. ఏడు రోజులు తడిపి, ఆ తరువాతనే తీగ బిగించండి. కర్ర రాటకు కాంక్రీటు పోస్తే అడుగున పోయకండి, అడుగున కంకర మాత్రమే ఉండాలి. లేకపోతే అది గిన్నెలా నీరు పట్టి కర్రను కుళ్లబెడుతుంది.

తీగ బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. నడివేసవి మిట్టమధ్యాహ్నం తీగను వీణతీగలా బిగించకండి. ఇనుము వేడికి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. వంద మీటర్ల తీగ 25 డిగ్రీల తేడాకు సుమారు 3 సెంటీమీటర్లు ముడుచుకుంటుంది. మేనెల మధ్యాహ్నం బిగించిన తీగ పుష్యమాసపు తెల్లవారుజామున మూలరాటను పీకుతుంది. ఉదయం పూట బిగించండి. చేత్తో నొక్కితే రెండు మూడు వేళ్లు దిగాలి.

మరొక ముఖ్యమైన మాట. హద్దు మీదనున్న రాటను నిలబెట్టే ముందు పక్కరైతును పిలవండి. ఒరిగిన రాట ఏ గుంతలో ఉండేదో ఆ గుంతలోనే నిలబెట్టాలి. జానెడు అటు జరిగితే అతనికి కోపం, ఇటు జరిగితే మీకు నష్టం. సర్వే రాయి మాత్రం మీరు ముట్టుకోరాదు. 1923లో మద్రాసు రాష్ట్రంలో వచ్చిన సర్వే, సరిహద్దుల చట్టం నాటి నుంచీ ఆ రాళ్లకు చట్టరక్షణ ఉన్నది. సర్వే రాయి ఒరిగితే గ్రామ రెవిన్యూ అధికారులకూ, సర్వేయరుకూ తెలియజేసి వారిచేత నిలబెట్టించండి. దానిని కంచె రాటగా వాడుకోవద్దు, దానికి తీగ కట్టవద్దు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసినది ఒకటి ఉన్నది. అడవి పందుల బాధ భరించలేక కొందరు కంచె తీగకు కరెంటు పెడుతున్నారు. సోదరులారా, ఇది ప్రాణాలతో చెలగాటం. ఆ తీగకు పంది తెలియదు, మనిషి తెలియదు. తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి పోయిన పక్కరైతు, చేను చూడవచ్చిన సొంత కొడుకు దానికి బలి అయిన సంఘటనలు మన పల్లెల్లో జరిగినవే. అది చట్టరీత్యా నేరం కూడాను. అడవి జంతువు చస్తే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వర్తిస్తుంది. పంట పోతే వచ్చే ఏడు పండించుకోవచ్చు. మనిషి పోతే తిరిగి రాడు. అంతేకాదు, కరెంటు స్తంభానికి గాని, దాని ఊతతీగకు గాని కంచె తీగను కట్టకండి. తీగ ఎక్కడైనా తెగి కంచె మీద పడి ఉంటే తాకకుండా విద్యుత్తు సిబ్బందికి కబురు చేయండి.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. ఈ సంగతులు సభలో చెబితే విని మరచిపోతారు. ఊళ్లో నలుగురూ నడిచే దారి పక్కన ఒక ఒరిగిన మూలరాటను ఎంచుకొని, ఆ రైతు చేతనే, పదిమంది ఎదుట నిలబెట్టించండి. ఆ రెండు రాళ్లు ఎక్కడ పెట్టాలో ఒకసారి కళ్లారా చూచినవాడు జన్మలో మరచిపోడు. వానలకు ముందు వీలయితే, బలహీనంగా ఉన్న రాటల పక్కన గుంపెన కొమ్మో, గ్లైరిసిడియా కొమ్మో నాటించండి. వేరు పట్టి చెట్టయితే రెండు మూడేళ్లలో అదే సజీవమైన రాట. దానికి చెదలు పట్టవు, కొట్టిన కొమ్మ పచ్చిరొట్ట ఎరువుగా పనికి వస్తుంది.

కంచే చేను మేస్తే అని సామెత చెప్పుకుంటాము. కంచె ఎన్నడూ చేను మేయదు. మనం చూడక వదిలిన కంచె మాత్రం మేసేవాటికి దారి ఇస్తుంది. ఈ ఆదివారం పొద్దున్నే గునపం, సుత్తి, కొంచెం సున్నం తీసుకొని చేని చుట్టూ ఒకసారి తిరిగి రండి. ఎన్ని రాటలకు ఒక గీత పడిందో, ఎన్నిటికి రెండు గీతలు పడ్డాయో లెక్క పెట్టుకోండి. అన్నీ ఒక్కరోజే చేయనక్కరలేదు. ముందు మూలరాటలు, తరువాత తలుపు రాట, ఆ తరువాత మిగిలినవి. పక్కరైతును కూడా పిలవండి. ఇద్దరూ కలిసి నిలబెట్టిన రాట ఒక్క చేనికే కాదు, రెండు ఇళ్లకూ కాపలా కాస్తుంది.